నిలబడి చదివేవాళ్ళ కోసం

ఆయన పోయారన్న కబురు నాకు ఫోనులో వచ్చింది. ఆ పొద్దు నంద్యాలలో మా కాలేజీ ఆసుపత్రి పిల్లల వార్డులో ఉన్నాను. మా మేడం ఒక బిడ్డ వీపు మీద స్టెతస్కోపు పెట్టించి, ఏం వినిపిస్తోందో మమ్మల్ని ఒక్కొక్కరినీ అడుగుతున్నారు. నా వంతు రాకముందే కోటు జేబులో ఫోను అదిరింది. పేరు చూసి వరండాలోకి వచ్చాను. ఆళ్ళగడ్డ నుంచి ఆయన కొడుకు.

"పాపా, నాయన తెల్లారి పోయినాడు" అన్నాడు. వెనక ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తోంది. మళ్ళీ అతనే అన్నాడు: "నువ్వేందో కాగితం తెస్తానంటివంట గదా. నాలుగు దినాల నుంచి అదే అడుగుతాండె. పాప వచ్చిందా, కాగితం తెచ్చిందా అని."

"తెస్తా మామా" అన్నాను. తెచ్చి ఇంక ఎవరి చేతికి ఇవ్వాలో నాకు తెలియలేదు. ఆ కాగితం అప్పుడు నా సంచిలోనే ఉంది. మూడోసారి తిరగరాస్తున్నాను. ఇంకా పూర్తి కాలేదు.

ఆయన మాకు బంధువు కాదు. ఆళ్ళగడ్డలో రాళ్ళ మీద అక్షరాలు చెక్కే మనిషి. అక్కడి షెడ్లలో ఎక్కువమంది దేవుళ్ళ విగ్రహాలు చెక్కుతారు. ఈయన మాత్రం బడి గోడలకు పెట్టే పలకలు, గుళ్ళలో దాతల పేర్లు, సమాధుల మీద రాళ్ళు చెక్కేవారు. నేను తాతా అని పిలిచేదాన్ని. ఇక్కడ కూడా అలాగే రాస్తాను. పేరు రాయకపోవడానికి ఒక కారణం ఉంది, అది తర్వాత వస్తుంది.

ఆయన్ని మొదటిసారి చూసింది మా నాయన వాళ్ళమ్మ, మా జేజి పోయినప్పుడు. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నాను. మా నాయన బళ్ళో టీచరు. జేజి సమాధికి రాయి చెక్కించాలని నన్ను వెంటబెట్టుకుని బస్సులో ఆళ్ళగడ్డ వెళ్ళారు. రాయి మీద ఏం ఉండాలో నేనే రాశాను. అప్పుడప్పుడే నాకు మాటల పిచ్చి పట్టింది. ఎక్కడ మంచి మాట కనిపించినా నోటుబుక్కులో ఎక్కించుకునేదాన్ని. దాచుకున్నవన్నీ జేజికే పెట్టాను. కరుణామయి, త్యాగశీలి, అనురాగమూర్తి, ప్రార్థనా వీరురాలు. ఇంకా ఉన్నాయి, సిగ్గేసి రాయడం లేదు.

తాత ఆ కాగితం కళ్ళకు దగ్గరగా పట్టుకుని, పెదాలు కదుపుతూ, చివరిదాకా చదివారు.

"ఎవురు రాసినారప్పా ఇది?" అని మా నాయనను అడిగారు.

"మా పాప."

"బాగా సదువుకుంటాండాది." నా వైపు తిరిగారు. "పాపా, సమాధి కాడికి వచ్చినోళ్ళు కుర్చీలేసుకుని సదువుతారా, నిలబడి సదువుతారా?"

"నిలబడి."

"నీడలోనా, ఎండలోనా?"

"ఎండలో."

"మరి కాళ్ళు గుంజకముందే అయిపోవల్ల గదా."

నాకు కోపం వచ్చింది. మా నాయన నవ్వు ఆపుకోవడానికి ఇంకెటో చూస్తున్నారు. తాత మాత్రం నవ్వలేదు. "మీ జేజి పొద్దున లేచి ఏం చేస్తాండె?" అని అడిగారు.

ఆ కోపంలోనే చెప్పేశాను. "పిల్లోళ్ళకు పాటలు నేర్పిస్తాండె. ఆదివారం చర్చిలో ఒక్కటే కాదు. వీధిలో ఎవురన్నా పిల్లోడు పోతాంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి మరీ నేర్పిస్తాండె."

"అది గదా రాయల్సింది" అన్నారు.

మా జేజి రాయి మీద ఇప్పుడు ఆమె పేరు, దాని కింద ఒకే ఒక్క వరస ఉన్నాయి: పిల్లలకు పాటలు నేర్పింది. చదివినవాళ్ళు ముందు నవ్వుతారు. మా వీధిలో చాలామంది ఆమె చేతికి చిక్కినవాళ్ళే. నవ్విన తర్వాత కదలకుండా ఇంకాసేపు నిలబడతారు.

ఆ రాయి చెక్కుతున్నంతసేపూ నేను ఆయన ఎదురుగానే కూర్చున్నాను. మూడు దెబ్బలు కొట్టేవారు, ముఖం వంచి ఒకసారి 'ఉఫ్' అని ఊదేవారు. మళ్ళీ మూడు దెబ్బలు, ఒక ఉఫ్. ఊదినప్పుడల్లా రాతిపిండి పైకి లేచి ఆయన కనుబొమల మీదే వాలేది. ఒక వరస అయిపోయాక ఉలి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, చూపుడువేలు అక్షరాల గాడిలో పెట్టి మొదటి నుంచి చివరిదాకా లాగేవారు. "కన్ను మోసం చేస్తాది. వేలు చెయ్యదు" అని చెప్పారు.

నాకు అది నేర్చుకోవాలనిపించింది. బొమ్మలు గీయడం చిన్నప్పటి నుంచి ఇష్టమే. కానీ అక్షరం కూడా ఒక బొమ్మేనని ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత నెలకో ఆదివారం చర్చి అయిపోయాక నంద్యాల బస్టాండులో ఆళ్ళగడ్డ బస్సు ఎక్కేదాన్ని. బేతంచెర్ల నుంచి వచ్చిన బండల్లో పగిలిన ముక్కలు నాకిచ్చేవారు. జేగురుమట్టి కలిపిన ఎర్రనీళ్ళలో కుంచె ముంచి సున్న గీయమనేవారు. నెలల తరబడి సున్నే. ఒకరోజు నేను గీసినది చూసి, ముక్కను అటూ ఇటూ తిప్పి, పక్క షెడ్డులో గ్రైండరు పట్టే అన్నను కేకేశారు.

"ఒరేయ్, నీ కోడి యాడన్నా తప్పిపోయిందా?"

"లేదే. ఏమి తాతా?"

"ఈడ గుడ్డు పెట్టిపోయింది సూడు."

ఆ రోజంతా షెడ్లలో నేను కోడినే. ఆ గ్రైండరన్న ఇప్పటికీ మరిచిపోలేదు.

మెడిసిన్‌లో సీటు వచ్చినప్పుడు మిఠాయి తీసుకుని వెళ్ళాను. ముక్క నోట్లో వేసుకుని, "ఏం డాక్టరమ్మా, ఇంగ మా సున్నలు నీకెందుకులే" అన్నారు. నేను రావడం మానలేదు. రెండో సంవత్సరంలో మా పుస్తకంలో దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బుల గురించి చదివాను. ఉన్నది ఒక్క పేజీ. రాళ్ళ పని చేసేవాళ్ళ గురించి అందులో రెండు మూడు వాక్యాలు. అవి చదువుతుంటే నాకు లైబ్రరీలో ఉఫ్ అన్న చప్పుడు వినిపించింది. ఆ మధ్య ఆయన దగ్గుతున్నారన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. అంతకుముందు ఆ దగ్గును షెడ్డులో ఒక చప్పుడు అనుకున్నాను.

మా కాలేజీలో విద్యార్థులు ఒక మేడం దగ్గరో సార్ దగ్గరో చిన్న పరిశోధన చేయవచ్చు. రాళ్ళ పని చేసేవాళ్ళ ఊపిరి కొలుస్తామని మా మేడంను అడిగాను. కాలేజీ కమిటీ ఒప్పుకుంది. ఐదుగురు స్నేహితులం జట్టు కట్టాం. నన్ను లీడరు అన్నారు. లీడరంటే ముందు నిలబడాలి అనుకుని, ఒక ఆదివారం షెడ్ల మధ్య టెంటు వేయించి, బ్యానరు కట్టించి, కుర్చీలు వరసగా వేయించాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వచ్చింది ఇద్దరు. వాళ్ళు కూడా బీపీ మాత్రలు ఇస్తారా అని అడిగి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం తాత వచ్చి బ్యానరు పూర్తిగా చదివారు. "ఏందమ్మా, ఓట్లు వేయిస్తాండావా?" అన్నారు.

"ఎవరూ రావడం లేదు తాతా."

"ఎట్లొస్తారు? పని ఇడ్సిపెట్టి వచ్చి కుర్చీలో కూర్చుంటే, వీనికేందో అయ్యిందని పక్కోడు అనుకుంటాడు. రోగమున్నోనికి పెద్ద రాయి ఎవురిస్తారు? ఆ బల్ల మడిసి పెట్టు. నువ్వే పోయి వాళ్ళ రాయి కాడ కూర్చో."

అలాగే చేశాం. మొదట ఆయన రాయి దగ్గరే కూర్చున్నాం. అనుమతి పత్రం తెలుగులో చదివి వినిపించాను. పేరు ఎక్కడా ఉండదనీ, మనిషికో నంబరు ఇచ్చి గొట్టంలో ఊదిస్తామనీ చెప్పాను. "అయితే ఒగటో నంబరు నాకియ్యి. నేను ఊదితే అందురూ ఊదుతారు" అన్నారు. అందుకే ఆయన పేరు అక్కడా రాయలేదు, ఇక్కడా రాయడం లేదు.

మేము తీసుకెళ్ళింది పీక్ ఫ్లో మీటరు. చిన్న ప్లాస్టిక్ గొట్టం. గట్టిగా ఊదితే దాని మీది ముల్లు ముందుకు జరుగుతుంది. ఊపిరి ఎంత బలంగా ఉంటే ముల్లు అంత దూరం పోతుంది. తాత దాన్ని నోట్లో పెట్టుకుని ఉఫ్ అన్నారు. ముల్లు ఒక్క ఉదుటున పైకి పోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు అబ్బో అన్నారు. ఆ తర్వాత మాకు పనే లేకపోయింది. ఒకరి మీద ఒకరు పోటీపడి ఊదారు. పక్క షెడ్లవాళ్ళు కూడా వచ్చారు. ముల్లు అందరికీ పైకే పోయింది. ఆ పొద్దు బస్సులో ఎంత సంతోషంగా వచ్చామో చెప్పలేను. 'ఆళ్ళగడ్డ ఊపిరి ఉక్కు ఊపిరి' అని నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

మా మేడం కాగితాలు చూసి, "ఇంత బాగున్నాయా? సరిగా ఊదించావా?" అని అడిగారు. "దగ్గరుండి చూశాను మేడం" అన్నాను. అబద్ధం కాదు. చూశాను. చూస్తున్నది ఏమిటో తెలియలేదు, అంతే.

తర్వాతి ఆదివారం తాతకు చూపించడానికి గ్రాఫు గీసుకుని పోయాను. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇది పుస్తకంలో వేస్తారా?"

"బాగుంటే వేస్తారు తాతా."

"ఏమని?"

"ఇక్కడ పని చేసేవాళ్ళ ఊపిరితిత్తులకు ఏమీ కాలేదని."

ఆయన అరచేత్తో ముందున్న బండను తుడుస్తూ కూర్చున్నారు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు. కాసేపటికి, "ఆ గొట్టం ఇట్లా తే" అన్నారు. నోట్లో పెట్టుకుని, నన్ను తన బుగ్గలు చూడమని వేలు పెట్టి చూపించి, ఉఫ్ అన్నారు. బుగ్గలు ఉబ్బి చప్పున లోపలికి పోయాయి. రొమ్ము కదల్లేదు. ముల్లు మళ్ళీ పైనే ఉంది.

"సూసినావా? ఇది బుగ్గల గాలి పాపా. రొమ్ములోది కాదు. మేము దుమ్ము ఊదేది ఇట్లనే. రొమ్ము నిండా తీసి ఊదితే పిండి అంతా కండ్లల్లో పడతాది. చిన్నప్పటి నుంచి ఇదే అలవాటు. ఏది నోటి కాడ పెట్టినా మాకు వచ్చేది ఇదే."

మా పుస్తకంలో ఈ సంగతి లేదు. తర్వాత మేడంను అడిగితే, బుగ్గలతో ఊదితే ఆ గొట్టం మోసపోతుందన్నది నిజమేనని చెప్పారు. ఆ క్షణం మాత్రం నాకు ఒకటే తోచింది.

"నీకు ఆ పొద్దే తెలుసా తాతా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"రొమ్ముతో ఊదితే నాకెంత వస్తాదో అది గూడ తెలుసు గాబట్టి." నా వైపు చూడకుండా చెప్పారు. "మిద్దె మెట్లు ఎక్కలేకుండా ఉండా. ఇంట్లో చెప్పలేదు. చెప్తే ఉలి పెరుక్కుంటారు. ఉలి లేకపోతే పొద్దున లేచి నేను యాడికి పోవల్ల?"

నేను అప్పుడు ఒక మాట అన్నాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది, కానీ ప్రేమతోనే అన్నాను. "నువ్వు మళ్ళీ ఊదొద్దులే తాతా. నీ నంబరు తీసేస్తా. తక్కినవాళ్ళ చేత ఊదిస్తా."

ఆయన తల అడ్డంగా ఊపారు. "నా ఒక్కనిదైతే దాచుకుందును. నన్ను సూసే గదా అందురూ అట్ల ఊదినారు. రేపు ఎవురో నీ పుస్తకం చూపిచ్చి, మీకేం కాలేదు పోండప్పా అంటే? అది నేను చెక్కిన తప్పు. రాయి మీద పడిన తప్పు తుడిస్తే పోతాదా?"

మరుసటి ఆదివారం మా మేడం కూడా వచ్చారు. తాత కబురు పెడితే అందరూ ఒకే షెడ్డులో చేరారు. గ్రైండర్లు ఆగాయి. ఎలా ఊదాలో మేడం చేసి చూపించారు: నిలబడాలి, రొమ్ము నిండా గాలి తీసుకోవాలి, పెదాలు బిగించి ఒక్కసారిగా లోపల ఉన్నదంతా వదలాలి. తాత పంచె దులుపుకుని లేచారు.

గ్రైండరన్న ఊరుకోలేదు. "తాతా, పోయిన తూరి ముల్లు కర్నూలు దాకా పోయింది. ఈ తూరి హైదరాబాదేనా?"

అందరూ నవ్వారు. తాత కూడా నవ్వి, గాలి తీసుకున్నారు. భుజాలు పైకి లేచాయి. మెడ నరాలు తేలాయి. ఊదారు. ముల్లు కొంచెం కదిలి ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన దగ్గు ఎంతసేపటికీ తగ్గలేదు. నేను గొట్టాన్ని నా వైపు తిప్పుకుని, ఎవరికీ కనిపించకుండా నంబరు రాసుకోబోయాను. అదే మా నియమం కూడా. ఆయన దగ్గుతూనే నా చేతిలోంచి గొట్టం తీసుకుని పైకెత్తారు.

"సూడండప్పా. ఇదీ నాది. పోయిన తూరి దొంగాట ఆడినా. మీరు ఆడొద్దు."

ఎవరూ నవ్వలేదు. ఆయన కొడుకు చేతిలో సుత్తి కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. తర్వాత గ్రైండరన్న ముందుకొచ్చి చెయ్యి చాపాడు. "ఇట్లియ్యి పాపా." ఊదాడు. ముల్లు ఆగిన చోటు చూసుకుని, గొట్టం నాకిచ్చి వెళ్ళి గోడకు ఆనుకున్నాడు. అతని వెనక ఒక్కొక్కరే వచ్చారు.

తాత భయపడినట్టే జరిగింది. కొడుకు ఆయన్ని నంద్యాల తీసుకొచ్చాడు. ఎక్స్‌రే తీశారు. ఇంక దుమ్ములో పని చేయకూడదని డాక్టరు చెప్పారు. మరుసటి వారం నేను పోయేసరికి ఉలులన్నీ బీరువాలో ఉన్నాయి, తాళం చెవి కొడుకు మొలతాడుకు ఉంది. తాత గుమ్మంలో ఖాళీ చేతులతో కూర్చున్నారు.

"నా వల్లే గదా తాతా" అన్నాను.

"నీ వల్ల గాదు. ఉఫ్ వల్ల" అన్నారు.

మా జట్టు మాస్కులు తీసుకెళ్ళి పంచింది. అందరూ వేసుకున్నారు. తర్వాత చూస్తే, మూడు దెబ్బలకు ఒకసారి మాస్కు కిందికి దించి, ఉఫ్ అని ఊది, మళ్ళీ జాగ్రత్తగా పైకి లాగుతున్నారు. మేము ఇచ్చినదాన్ని తాము నిర్లక్ష్యం చేస్తున్నామని వాళ్ళలో ఒక్కరూ అనుకోలేదు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తాతే దారి చూపించారు. సున్నం కొట్టే కుంచెలు తెప్పించి, ప్రతి రాయి పక్కన ఒక చెంబు నీళ్ళు పెట్టించారు. "ఊదొద్దు. తడిపి తుడుసు." వాళ్ళు విసుక్కున్నారు. తడిస్తే చెక్కడానికి ముందు గీసుకున్న జేగురు గీత చెరిగిపోతుంది, గీత లేకపోతే ఉలి ఎటు పోవాలి?

"చెరిగితే నన్ను పిలువు. మళ్ళా గీస్తా. నాకేం పని?" అన్నారు.

అదే ఆయన పని అయింది. పొద్దున్నే జేగురు డబ్బా పట్టుకుని వచ్చేవారు. ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు, మధ్య మధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ, చెరిగిన గీతలన్నీ మళ్ళీ గీసేవారు. ఎవరైనా అలవాటున పెదాలు గుండ్రంగా చేస్తే దూరం నుంచే కుంచె ఎత్తి చూపించేవారు. ఒకసారి తానే బండ మీదికి వంగి, పెదాలు గుండ్రంగా చేసి, నన్ను చూసి ఆగిపోయారు. ఈల వేయబోతున్నట్టు నటించారు. ఆయనకు ఈల రాదు.

మా పరిశోధనను కాలేజీలో అందరి ముందు చెప్పాను. బాగుందన్నారు. ఆ సంగతి ఫోనులో చెప్తే తాత మొదట అడిగింది ఒక్కటే. "నాకు సూపియ్యి."

"ఇంగ్లీషులో ఉంది తాతా."

"నా ఊపిరి గురించి నాకు రాని మాటల్లో రాసినావా? తెలుగులో తే. గోడకు అతికిస్తాం. ఈడ నిలబడి సదివేటోళ్ళు ఉండారు."

ఆయన అడిగిన కాగితం ఇదే. నేను వెంటనే రాశాను. పెద్ద నిఘంటువులు తెరిచి, మీటరు పేరుకు 'గరిష్ఠ నిశ్వాస ప్రవాహ మాపకం' అని పెట్టి, గర్వంగా తీసుకెళ్ళాను. తాత ఆ మాట దగ్గర ఆగారు. "ఇది ఎవురి పేరు పాపా?" అన్నారు. రెండోసారి రాసినది కొంచెం మేలు. మాటలు అర్థమయ్యాయి. కానీ ఆయన గురించి రాయాల్సిన చోట నాకు చెయ్యి ఆగలేదు. మహోన్నతుడు, నిస్వార్థ మార్గదర్శి, ఇంకా చాలా. ఆయన చదివి మడిచి నా చేతిలోనే పెట్టారు.

"దీంట్లో నేను యాడుండా? ఈడ ఎవురో పెద్దమనిషి ఉండాడు."

మూడోసారి రాస్తానని తీసుకొచ్చాను. తక్కినదంతా అయిపోయింది. ఆయన ఊదిన చోటు మాత్రం కుదరలేదు. రాసి కొట్టేసేదాన్ని. ఇంకా మంచి మాట దొరుకుతుందని ఆగేదాన్ని. ఈలోగా పరీక్షలు వచ్చాయి. వారానికోసారి ఫోను చేసేవారు. ఆయన ఊపిరి వారం వారానికీ పొట్టిగా వినిపించేది. ఒక వాక్యానికి రెండుసార్లు ఆగేవారు. అది విని కూడా నేను తొందరపడలేదు. ఊపిరి గురించి పుస్తకాలు చదువుతున్నదాన్ని, ఫోనులో ఆ ఊపిరి వింటూ, మాటల కోసం వెతుక్కుంటూ కూర్చున్నాను.

ఆఖరిసారి మాట్లాడినప్పుడు, "పరీక్షలు అయిపోనీ తాతా" అన్నాను.

"అయిపోనీ. బాగా రాయి."

"ఏది? పరీక్షలా, కాగితమా?"

"రెండూ." కాసేపు ఊపిరి చప్పుడు. "కాగితం పొట్టిగా."

ఆయన పోయిన రోజు వార్డులోంచి అలాగే బస్సెక్కి వెళ్ళాను. ఇంటి ముందర పడుకోబెట్టారు. దగ్గరికి పోయి చూస్తే ఒక్క నిమిషం ఎవరో అనిపించింది. స్నానం చేయించి ఉన్నారు. కనుబొమలు నల్లగా ఉన్నాయి. అవి నల్లగా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ పక్క వారంలో పరీక్షలు అయిపోయాయి. మరునాడు పొద్దున కాగితం తీసి కూర్చున్నాను. కొత్త మాటలేవీ వెతకలేదు. ఉన్నవాటిలో అక్కరలేనివి కొట్టేస్తూ పోయాను. మధ్యాహ్నానికి ఒక్క పేజీ అయింది. ఇన్ని నెలలు నన్ను ఆపిందేమిటో అప్పుడు తెలిసింది. ఆ కాగితంలో ఆయన్ని పొగడాలనుకున్నాను. ఆయనకు కావలసింది అక్కడ జరిగినది జరిగినట్టు ఉండడం. అది ఆ పూట పోయి చేతిలో పెట్టి, ఆయన కళ్ళకు దగ్గరగా పట్టుకుని పెదాలు కదుపుతూ చదువుతుంటే ఎదురుగా కూర్చోవాలని ఉంది. బాగుందా అని అడగాలని ఉంది. ఇంకా ఏం తీసెయ్యాలో చెప్పించుకోవాలని ఉంది.

సాయంత్రం ఎండ తగ్గకముందే ఆళ్ళగడ్డలో దిగాను. కొడుకు నా చేతిలోని కాగితం చూసి మైదా జిగురు కలిపి తెచ్చాడు. ఇద్దరం కలిసి షెడ్డు గోడకు కాగితం అతికించాం. పనివాళ్ళు చుట్టూ చేరారు.

"మా కండ్లకు ఈ పిండిలో ఏం కనపడతాది. నువ్వే సదువు కోడీ" అన్నాడు గ్రైండరన్న.

నిలబడి చదివాను. దుమ్ము రొమ్ములోకి ఎలా పోతుందో, తడి కుంచె ఎందుకో, దగ్గు పోకపోతే ఎక్కడికి రావాలో చదివాను. ఆ తర్వాత ఆయన వచ్చారు:

'ఒకటో నంబరు మనిషి మొదటిసారి బుగ్గలతో ఊదారు. ముల్లు పైకి పోయింది. అది తప్పని తర్వాత ఆయనే చెప్పారు. రెండోసారి అందరి ముందర నిలబడి, రొమ్ము నిండా గాలి తీసుకుని ఊదారు. ముల్లు కొంచెమే కదిలింది. దాన్ని ఎత్తి అందరికీ చూపించారు.'

అంతే. కాగితం అయిపోయింది. కొడుకు నేల వైపు చూస్తున్నాడు.

"ఇంగోతూరి సదువు పాపా" అన్నాడు గ్రైండరన్న. ఈసారి కోడి అనలేదు. "ఆ తాత ఊదిన కాడ."

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి మెల్లగా చదివాను. 'రొమ్ము నిండా గాలి తీసుకుని' అన్న చోట ఎందుకో తలెత్తి చూశాను. రాళ్ళ మధ్య నిలబడిన వాళ్ళందరి రొమ్ములూ, ఎవరూ చెప్పకుండానే, పైకి లేస్తున్నాయి. నేను తర్వాతి మాట చదివేదాకా ఒక్కరూ ఆ గాలి వదల్లేదు.